304వ ర్యాంకు అమ్మాయి

2020 ఆగస్టు 23. స్కాట్లాండ్‌లో సముద్రం పక్కనే ఉండే రాయల్ ట్రూన్ గోల్ఫ్ కోర్సు. మహిళల గోల్ఫ్‌లో మేజర్లు అని పిలిచే ఐదు పెద్ద టోర్నీలుంటాయి. వాటిలో ఒకటైన ఏఐజీ విమెన్స్ ఓపెన్‌కి అది ఆఖరి రోజు. కోవిడ్ కాలం కాబట్టి ప్రేక్షకులు లేరు, చప్పట్లూ లేవు. ఆ నిశ్శబ్దంలో ట్రోఫీ ఎత్తిన అమ్మాయి పేరు సోఫియా పోపోవ్. దేశం జర్మనీ. అప్పటికి ఆమె ప్రపంచ ర్యాంకు 304.

మూడు వందల నాలుగు! మన క్రికెట్ భాషలో చెప్పాలంటే, రంజీ జట్టులో కూడా చోటు ఖాయం కాని ప్లేయర్ వచ్చి వరల్డ్ కప్ ఫైనల్లో మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ కొట్టినట్టు. మేజర్ గెలిచిన తొలి జర్మన్ మహిళ కూడా ఆమే.

గోల్ఫ్ అంటే మనలో చాలామందికి దూరపు వ్యవహారమే. గచ్చిబౌలిలో బౌల్డర్ హిల్స్, గోల్కొండ కోట దగ్గర హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్... పేర్లు విన్నాం, లోపలికెళ్లి చూసింది లేదు. నాదీ అదే కేసు. కానీ ఈ కథ అర్థం కావడానికి ఆట పెద్దగా తెలియక్కర్లేదు. మొత్తం 18 హోల్స్. ఎంత తక్కువ షాట్లలో బంతిని వాటిలో వేస్తే అంత గొప్ప. ఇలా నాలుగు రోజులు ఆడాలి. నాలుగు రోజుల షాట్లూ కూడితే ఎవరికి తక్కువొస్తే వాళ్లదే కప్పు. అంతే.

నాకు పోపోవ్ పేరు తెలిసింది ఆమె గెలిచిన రోజున కాదు. చాలా తర్వాత, నేను బెంచ్ మీద ఉన్నప్పుడు. సాఫ్ట్‌వేర్‌లో లేనివాళ్ల కోసం: ప్రాజెక్టు అయిపోయి, కొత్తది దొరక్క, జీతం తీసుకుంటూ ఖాళీగా ఉండటాన్ని బెంచ్ అంటారు. వినడానికి హాయిగా ఉంటుంది. మొదటి వారం నిజంగానే హాయి. రెండో నెలకి నిద్ర పట్టదు. రోజూ ఇంటర్నల్ ఇంటర్వ్యూలు, రోజూ 'ప్రొఫైల్ షార్ట్‌లిస్ట్ కాలేదు' అని మెయిళ్లు. రాత్రి అమ్మ ఫోన్ చేసి ముందు "తిన్నావా?" అని అడిగేది, కాసేపాగి "నాన్నా, ప్రాజెక్టు ఏమైనా ఇచ్చారా?" అనేది. రెండో ప్రశ్న కోసమే మొదటి ప్రశ్న అని ఇద్దరికీ తెలుసు.

అలాంటి ఒక రాత్రి యూట్యూబ్‌లో ఏదో చూస్తుంటే ఈమె వీడియో వచ్చింది. టైటిల్లో 304 అని చూసి నొక్కాను. తర్వాత రెండు రోజులు ఆమె గురించే చదువుతూ కూర్చున్నాను. నన్ను పట్టుకున్నది ఆ కప్పు కాదు, కప్పుకి ముందు జరిగిన తొమ్మిది నెలలు.

పోపోవ్ అమెరికాలో పుట్టింది, జర్మనీ తరఫున ఆడుతుంది. 2015లో ఎల్‌పీజీఏలో అడుగుపెట్టింది. మహిళల గోల్ఫ్‌లో అన్నిటికంటే పెద్ద టూర్ అది. ఆ తర్వాత ఒంట్లో ఏదో తేడా మొదలైంది. బరువు తగ్గడం, విపరీతమైన అలసట. డాక్టర్ల చుట్టూ తిరగ్గా తిరగ్గా, చాలా కాలానికి లైమ్ వ్యాధి అని తేలింది. టిక్ అనే చిన్న పురుగు కుడితే వచ్చే జబ్బు అది. ఆట దెబ్బతింది, టూర్ కార్డు పోయింది. కార్డు అంటే ఎల్‌పీజీఏలో ఆడే హక్కు. మన ఆఫీసు గేటు దగ్గర ఐడీ కార్డు పనిచేయకపోతే ఎలా ఉంటుందో అలాంటిది.

పోయిన కార్డు తిరిగి తెచ్చుకోవడానికి ఒక పరీక్ష ఉంటుంది. పేరు క్యూ-సిరీస్. 2019 చివర్లో అది అమెరికాలోని పైన్‌హర్స్ట్‌లో జరిగింది. రెండు వారాలు, ఎనిమిది రౌండ్లు, మొత్తం 144 హోల్స్. అన్ని హోల్స్ ఆడాక పోపోవ్ ఎంత తేడాతో కార్డు పోగొట్టుకుందో తెలుసా? ఒక్క షాట్. ఐదు వందలకు పైగా కొట్టిన షాట్లలో ఎక్కడో ఒకటి తగ్గి ఉంటే ఆమె లోపల ఉండేది. తగ్గలేదు కాబట్టి బయట ఉండిపోయింది.

ఎంసెట్ రాసినవాళ్లకి ఈ లెక్క కొత్త కాదు. ఒక్క మార్కు దగ్గర ఎన్ని వందల ర్యాంకులు మారిపోతాయో, కౌన్సెలింగ్‌లో ఆ ఒక్క మార్కు ఏ కాలేజీ గేటు దగ్గర ఆపేస్తుందో మనం చూశాం. గీతకి ఇటు ఉన్నవాడికీ అటు ఉన్నవాడికీ చదువులో తేడా ఏమీ ఉండదు. కానీ ఆ మర్నాటి నుంచి ఇద్దరి జీవితాలూ వేరు.

అప్పటికే ఆటని వదిలేద్దామా అన్న ఆలోచన పోపోవ్‌కి ఉండేది. ఆమే తర్వాత చెప్పింది. అయినా వదల్లేదు. 2020లో కోవిడ్ వచ్చి పెద్ద టూర్లు ఆగిపోయాయి. అమెరికాలోని ఆరిజోనాలో కాక్టస్ టూర్ అని ఒక చిన్న టూర్ నడుస్తుండేది. టీవీల్లో రాదు, ప్రైజ్ మనీ కూడా కొంచెమే. పోపోవ్ అక్కడికెళ్లి ఆడింది, ఆ ఏడాది మూడు టోర్నీలు గెలిచింది. ప్రపంచం పట్టించుకోలేదు.

జూలై ఆఖర్లో ఎల్‌పీజీఏ మళ్లీ మొదలైంది, ఒహాయో రాష్ట్రంలోని ఇన్వర్నెస్ క్లబ్‌లో. పోపోవ్‌కి ఆడటానికి చోటు లేదు. ఆమె స్నేహితురాలు, నెదర్లాండ్స్ క్రీడాకారిణి ఆన్ వాన్ డామ్‌కి చోటుంది. మరి పోపోవ్ ఏం చేసింది? ఆమెకి క్యాడీగా వెళ్లింది. క్యాడీ అంటే మన సినిమాల్లో కేడీ కాదు సుమా! ఆటగాళ్ల వెంట కర్రల బ్యాగ్ మోసుకుంటూ నడిచే మనిషి. గాలి ఎటు వీస్తోంది, ఏ కర్ర వాడాలి అని సలహా ఇచ్చేదీ ఆ మనిషే. నిన్నటిదాకా తనూ ఆడిన టూర్‌లో, తనతో పోటీపడిన వాళ్ల మధ్య, పోపోవ్ ఇంకొకరి బ్యాగ్ మోసింది.

ఈ ముక్క దగ్గర నేను వీడియో ఆపేశాను. ఎందుకంటే ఆ వారమే నన్ను ఒక టీమ్‌లో 'షాడో' కింద వేశారు. బెంచ్ తర్వాత మా ఫీల్డ్‌లో దొరికే కుర్చీ అది. ప్రాజెక్టులో ఉంటాం, కానీ క్లయింట్ లెక్కలో ఉండం. ఎవరో ఒకరి వెనకాల ఉండి వాళ్లు చేసేది చూడాలి, చెప్పింది చేయాలి. నేను ఎవరి వెనకాల ఉండాలో ఆ అమ్మాయి నాకంటే రెండేళ్లు జూనియర్. నేను మీటింగుల్లో నోట్స్ రాసేవాణ్ని, టెస్ట్ కేసులు నింపేవాణ్ని. ఐదేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టుకుని ఇదేంటి అని మనసుకి కష్టంగానే ఉండేది. కానీ ఆమె పని చేసే పద్ధతి మాత్రం నాకు కొత్తగా అనిపించింది. ప్రొడక్షన్‌లో ఏదైనా పడిపోతే మేమంతా ముందు కోడ్ తెరుస్తాం. ఆమె తెరవదు. "కోడ్ తర్వాత ముట్టుకుందాం, ముందు లాగ్స్ ఏం చెబుతున్నాయో చూడండి" అనేది. ఇరవై నిమిషాలు ఏమీ చేయకుండా చదివేది. తర్వాత మార్చేది రెండు లైన్లే. కుర్చీలో నేనుంటే నా టెన్షన్లో ఇది గమనించేవాణ్ని కాదు. పక్కన కూర్చున్నాను కాబట్టి కనిపించింది.

పోపోవ్‌కి బ్యాగ్ మోస్తున్నప్పుడు ఏం కనిపించిందో నేను చెప్పలేను. తర్వాత జరిగింది మాత్రం రికార్డుల్లో ఉంది. మరుసటి వారం అదే రాష్ట్రంలో మారథాన్ క్లాసిక్ టోర్నీ. కోవిడ్ వల్ల కొందరు రాలేదు, పోపోవ్‌కి చోటు దొరికింది. తొమ్మిదో స్థానంలో ముగించింది. అక్కడ టాప్ 10లోకి వస్తే స్కాట్లాండ్ టికెట్. అలా ఆమె ట్రూన్‌కి వెళ్లింది, బ్యాగ్ మోయడానికి బాయ్‌ఫ్రెండ్‌ని వెంటబెట్టుకుని.

రాయల్ ట్రూన్ 2016 దాకా మహిళలకి సభ్యత్వమే ఇవ్వని క్లబ్. అలాంటిచోట మొదటి రెండు రోజులు గాలి ఊపేసింది. రెండు రౌండ్లయ్యేసరికి పార్ కంటే తక్కువ స్కోరుతో ఉన్నది ఒకే ఒక్క క్రీడాకారిణి. పోపోవ్ 70, 72 కొట్టి దగ్గర్లోనే ఉంది. మూడో రోజు 67తో మూడు షాట్ల ఆధిక్యంలోకి వచ్చింది. ఆఖరి రోజు మొదటి హోల్లోనే ఒక షాట్ జారింది. ఇంకేముంది, 304వ ర్యాంకు బయటపడింది అనుకుని ఉంటారు చూసేవాళ్లు. ఆమె రెండు, మూడు హోల్స్‌లో వరసగా బర్డీలు కొట్టింది. థాయ్‌లాండ్ అమ్మాయి తిదపా సువన్నపుర దగ్గరికొస్తుంటే 15, 16 హోల్స్‌లో మళ్లీ రెండు. చివరికి 68. మొత్తం పార్ కంటే ఏడు తక్కువ, రెండు షాట్ల తేడాతో గెలుపు. ప్రైజ్ 6,75,000 డాలర్లు.

మరి 304 ఏమైంది? ఇక్కడే నాలోని ఇంజినీరు లేచాడు. మహిళల గోల్ఫ్ ర్యాంకు అంటే గత రెండేళ్ల ఫలితాల సగటు. జబ్బుతో ఉన్న రోజులు, కార్డు లేని రోజులు అన్నీ ఆ సగటులో ఉంటాయి. అంటే ఆ నంబరు చెప్పేది ఆమె ఎక్కడి నుంచి వస్తోందో. ఇవాళ ఎలా ఆడుతోందో కాదు. మనం రిఫ్రెష్ చేయని పేజీ చూస్తూ ఉంటాం, అవతల డేటా ఎప్పుడో మారిపోయి ఉంటుంది.

సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడేది. కానీ మేజర్ గెలిచిన ఎల్‌పీజీఏ సభ్యులకి ఐదేళ్లపాటు టూర్‌లో ఆడే హక్కు వస్తుంది. పోపోవ్ గెలిచిన రోజుకి సభ్యురాలు కాదు కాబట్టి ఆ ఐదేళ్లు ఇవ్వలేదు, అంతకంటే తక్కువ కాలానికే ఇచ్చారు. వచ్చే నెలలోనే ఇంకో మేజర్ ఉంటే, దాని జాబితా ముందే ఖాయమైపోయిందని అందులో చోటివ్వలేదు. మేజర్ విజేతకి తర్వాతి మేజర్లో ప్రవేశం లేదు! చాలామంది అన్యాయం అన్నారు. రూలు రూలే అన్నారు పెద్దలు. రూలు పుస్తకం వైపు నుంచి చూస్తే తప్పు లేదు కూడా. జాబితాలు అంతే, అవి మనిషిని చూడవు.

అయినా నాకు నచ్చిన ముక్క ఇంకోటుంది. 2021 సెప్టెంబరులో యూరప్, అమెరికా జట్లు తలపడే సోల్‌హైమ్ కప్ జరిగింది. పోపోవ్ యూరప్ జట్టులో ఆడింది, యూరప్ 15–13తో గెలిచింది. వేదిక ఇన్వర్నెస్ క్లబ్. ఏడాది కిందట ఆమె బ్యాగ్ మోసిన అదే గడ్డి.

ఒక్క షాట్ ఎప్పుడూ ఇలా కలిసి రాదు. దానికి మన అదితి అశోకే సాక్షి. 2021 టోక్యో ఒలింపిక్స్‌కి ఆమె 200వ ర్యాంకుతో వెళ్లింది. క్యాడీ వాళ్లమ్మే. మూడు రోజులయ్యేసరికి ఒంటరిగా రెండో స్థానంలో ఉంది. శనివారం పొద్దున్నే గోల్ఫ్ తెలియని దేశం మొత్తం టీవీల ముందు కూర్చుని బర్డీ అంటే ఏంటి, బోగీ అంటే ఏంటి అని గూగుల్ చేసింది. చివరి హోల్లో ఆమె పుట్ రవ్వంతలో తప్పింది. నాలుగో స్థానం. పతకానికి దూరం ఒక్క షాట్. పోపోవ్ కష్టపడింది కాబట్టి గెలిచింది అంటే, అదితి కష్టపడలేదని అర్థం వస్తుంది. ఆ మాట అనడానికి నాకు నోరు రాదు.

మా రూమ్మేట్ విషయంలోనూ అంతే. ఇద్దరం ఒకే నెలలో బెంచ్‌కి వచ్చాం. నాకంటే బాగా కోడ్ రాస్తాడు, కాలేజీలో నాకు డేటా స్ట్రక్చర్స్ చెప్పింది వాడే. నా షాడో పని నాలుగు నెలలకి మామూలు ప్రాజెక్టయింది. వాడు ఒక ఇంటర్వ్యూలో ఆఖరి రౌండ్ దాకా వెళ్లి ఆగిపోయాడు. ఇద్దరిలో ఒకరిని తీసుకున్నారు, వాడు రెండోవాడు. తర్వాత కంపెనీ వాడితో రాజీనామా చేయించుకుంది. ఇద్దరి మధ్య తేడా నా ప్రతిభ అని నేను ఎవరితోనూ అనలేను.

వాడికి పోపోవ్ వీడియో నేను పంపలేదు. ఒక్క షాట్‌తో బయట నిలబడ్డవాడికి 'నువ్వూ గెలుస్తావ్' అని లింకు పంపడం ఓదార్పు కాదు. దాని బదులు ఆదివారం పొద్దున్న రెండు గంటలు వాడితో కూర్చుంటున్నాను. నేను ఇంటర్వ్యూయర్ని, వాడు క్యాండిడేట్. గత వారం ఒక సిస్టమ్ డిజైన్ ప్రశ్నకి వాడు వెంటనే బొమ్మ గీయబోయాడు. "ఆగరా, ముందు వాళ్లేం అడిగారో రెండుసార్లు చదువు" అన్నాను. వాడు నవ్వి, "ఎక్కడ నేర్చుకున్నావ్ రా ఇది?" అన్నాడు.

షాడోలో, అన్నాను. మళ్లీ ప్రశ్న చదవడం మొదలుపెట్టాడు.