పాట కింద మాట

తెనాలి బోసు రోడ్డులో నా కొట్టు బోర్డు ఇప్పటికి రెండుసార్లు మారింది. 1989లో ‘పెళ్ళిళ్ళకు, శుభకార్యాలకు వీడియో తీయబడును’ అని రాయించాను. కొన్నేళ్ళకి దాని కింద ‘మిక్సింగ్ కూడా చేయబడును’ చేరింది. ఇప్పుడున్న ఫ్లెక్సీ మీద ‘పాత వీడియో క్యాసెట్లు పెన్‌డ్రైవ్‌లోకి మార్చబడును’ అని ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు క్యాసెట్లు నింపుకుంటూ తిరిగాను. ఇప్పుడు కూర్చుని వాటినే ఖాళీ చేస్తున్నాను. వచ్చేవాటిలో కొన్ని నేను నింపినవే.

మా సీజను ముహూర్తాలని బట్టి కాదు, అమెరికా బళ్ళ సెలవుల్ని బట్టి. డిసెంబరు చివర అక్కడున్నవాళ్ళు పిల్లలతో దిగుతారు. అమ్మానాన్నల ఇల్లు సర్దుతుంటే అటక మీద ఇత్తడి బిందెల వెనక నాలుగైదు క్యాసెట్లు దొరుకుతాయి. బట్టల కొట్టు సంచీలో వేసుకుని వస్తారు. “అంకుల్, రేపు మా ఫ్లైటు. సాయంత్రానికి అయిపోతుందా?” అని అడుగుతారు.

అవదు. ఇది జిరాక్సు తీసే పని కాదు. మూడు గంటల క్యాసెట్టు మూడు గంటలూ ఆడాల్సిందే. ఈ-180 క్యాసెట్టులో అరంగుళం వెడల్పు టేపు దాదాపు 258 మీటర్లు ఉంటుంది. సెకనుకి రెండు సెంటీమీటర్ల పైచిలుకు చొప్పున నడుస్తుంది. దాని ముందు ఏటవాలుగా నిలబడ్డ అల్యూమినియం డ్రమ్ము నిమిషానికి 1500 చుట్లు తిరుగుతూ, చుట్టుకొక బొమ్మ చొప్పున చదువుతుంది. తొందరపెడితే బొమ్మ రాదు. అందుకే నేను పక్కనే కూర్చుని అందరి పెళ్ళిళ్ళూ మళ్ళీ చూస్తుంటాను.

ఆడించడానికి ముందు పని వేరే ఉంది. మాది కాలవల ఊరు. వానాకాలం గోడలే చెమరుస్తాయి, ఇక టేపెంత? క్యాసెట్టు కిటికీలోంచి చూస్తే టేపు అంచున పిండి చల్లినట్టు తెల్లటి బూజు కనపడుతుంది. అది చూడకుండా వీసీఆర్‌లో పెడితే బూజు డ్రమ్ముకి అంటుకుని, అక్కణ్ణుంచి ఆ తర్వాత పెట్టిన మంచి క్యాసెట్టుకీ పాకుతుంది. ఐదు స్క్రూలు విప్పి, రెండు చక్రాలూ బయటికి తీసి, మెత్తటి పొడి గుడ్డ మధ్య టేపుని నెమ్మదిగా నడిపించి, ఎండిన బూజు దులిపి, వేరే డొక్కులో బిగిస్తాను. మూతికి గుడ్డ కట్టుకోవాలి, లేకపోతే రెండు రోజులు దగ్గు. తెగిన టేపుని అతికించడానికి ప్రత్యేకమైన స్ప్లైసింగ్ టేపు ఉంటుంది. కొందరు ఇంట్లోనే సెలోటేపు వేసి తెస్తారు. దాని జిగురు కరిగి, డ్రమ్ము మీద బొమ్మ చదివే హెడ్డుకి పట్టిందంటే క్యాసెట్టూ పోతుంది, మెషీనూ పోతుంది.

మెషీన్ పోతే మళ్ళీ రాదు. జపాన్‌లో ఫునాయ్ కంపెనీ 2016 జులైలో వీసీఆర్‌ల తయారీ ఆపేసింది. అప్పటికి లోకంలో అవి చేస్తున్న చివరి కంపెనీ అదే. నా దగ్గర ఐదున్నాయి. రెండు పనిచేస్తాయి. మిగతా మూడూ వాటికి బెల్టులూ రోలర్లూ దానం చేసి ఒళ్ళు గుల్ల చేసుకున్నాయి. హెడ్డు తుడవడం నేను నేర్చుకున్న మొదటి విద్య. తెల్లకాగితం మడిచి స్పిరిట్‌లో ముంచి డ్రమ్ముకి ఆనించాలి. చెయ్యి కదపకూడదు, డ్రమ్మునే వేలితో తిప్పాలి. కాగితాన్ని పైకీ కిందకీ రుద్దితే వెంట్రుకంత హెడ్డు విరిగి ఊడొస్తుంది. నేర్చుకునేటప్పుడు ఒకటి విరిచాను. ఆ నెల జీతం మా గురువుగారు ఇవ్వలేదు. అడగడానికి నాకూ మొహం చెల్లలేదు.

ఏ ఇంట్లో ఏ ముక్క ఎక్కువసార్లు చూశారో టేపే చెబుతుంది. ఒకచోట ఆపి ఉంచితే టేపు నిలబడుతుంది గాని డ్రమ్ము తిరుగుతూనే ఉంటుంది, అక్కడే గీకుతూనే ఉంటుంది. అక్కడికొచ్చేసరికి తెల్లటి గీతలు చినుకుల్లా రాలతాయి. మాంగల్యధారణ దగ్గర ఉంటాయనుకుంటాం కదా, చాలా క్యాసెట్లలో ఉండవు. పంక్తి భోజనాల దగ్గరో, గుంపులో వెనకెక్కడో నిలబడ్డ మనిషి దగ్గరో ఉంటాయి. ఆ మనిషెవరో నాకు తెలియదు, అడగను.

కొన్ని క్యాసెట్లలో అసలు గీతలు రాలడానికి పెళ్ళే మిగలదు. క్యాసెట్టు వీపున చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. దాన్ని విరిస్తే ఇంక రికార్డు కాదు. పెళ్ళివారికి ఇచ్చేముందు స్క్రూడ్రైవర్‌తో విరిచే ఇచ్చేవాళ్ళం. ఆ గుంట మీద ప్లాస్టరేస్తే మళ్ళీ రికార్డవుతుందని ఇంట్లో పిల్లకాయలకి ఎలా తెలిసేదో తెలిసేది. జీలకర్ర-బెల్లం దాకా నిక్షేపంలా నడిచి, టప్పున క్రికెట్ మ్యాచ్‌లోకి దూకిన పెళ్ళిళ్ళు మూడు చూశాను. ఆ అడుగున ఉన్నది ఎవరూ తీయలేరు. ఆ మాట చెప్పడం కష్టం.

కంప్యూటర్లోకి ఎక్కించడం మొదలుపెట్టిన కొత్తలో చవకగా దొరికే యూఎస్‌బీ కేబులు కొన్నాను. పాత టేపులో బొమ్మ నడక సమంగా ఉండదు, తాగినవాడిలా కాస్త అటూ ఇటూ తూలుతుంది. ఆ కేబులు దాన్ని తట్టుకోలేక మధ్యమధ్య బొమ్మలు వదిలేసేది. మొదటి గంట బాగానే ఉండి, మూడో గంటకి పంతులుగారి పెదాలు ఆగాక మంత్రం వినపడేది. ఆ క్యాసెట్టువాళ్ళు గుంటూరు నుంచి తిరిగొచ్చి పెన్‌డ్రైవ్ బల్లమీద పెట్టారు. ఇప్పుడు మధ్యలో పాత డీవీడీ రికార్డర్ ఒకటి పెట్టాను. డిస్కు రాయడానికి కాదు, టేపు తూలుడు సర్ది పంపడానికి. డీవీ పద్ధతిలో ఎక్కిస్తే గంటకి 13 జీబీ పడుతుంది. అది తల్లి ఫైలు, భద్రంగా ఉంచుకోమంటాను. దాన్నుంచి తీసిన చిన్న ఎంపీ4 పంచుకోవడానికి.

మన పాల్ పద్ధతిలో సెకనుకి 25 బొమ్మలు. ఒక్కో బొమ్మ రెండు సగాలుగా వస్తుంది, బేసి గీతలు ఒకటి, సరి గీతలు ఒకటి. పాత టీవీకి అది అలవాటే. కంప్యూటర్ రెంటినీ ఒకేసారి చూపిస్తుంది కాబట్టి తలంబ్రాలు పోసే చేతులు దువ్వెన పళ్ళలా చీలతాయి. ఒక సగం పారేస్తే చీలికలు పోతాయి, దాంతోపాటు కదలికా పోయి చేతులు మొరాయిస్తాయి. యాభై సగాలనీ యాభై బొమ్మలుగా చేసుకోవాలి. ఇంకొకటి: పాత బొమ్మ నాలుగుకి మూడు కొలత. “స్క్రీన్ నిండా రావాలి” అని లాగదీయిస్తారు. పెళ్ళికూతురు బూరెలా ఉబ్బుతుంది. రెండు పక్కలా నల్లగా వదిలెయ్యండని బతిమాలతాను.

ఇదంతా అయ్యాక యూట్యూబులో పెట్టడం. పదిహేను నిమిషాలు దాటితే ముందు ఫోన్ నంబరు ధ్రువపరచమంటుంది. లింకు ఉన్నవాళ్ళకే కనపడేట్టు ‘అన్‌లిస్టెడ్’ పెట్టమని చెబుతాను. ఆ క్యాసెట్టులో మీ పెళ్ళొక్కటే లేదు. మంగళస్నానానికి కూర్చున్న ఆడపిల్లలున్నారు, తర్వాత విడిపోయిన జంటలున్నారు, ఇప్పుడు మాటల్లేని అన్నదమ్ములున్నారు. వాళ్ళెవరూ ఊరందరికీ చూపించమని ఆనాడు నా కెమెరా ముందుకి రాలేదు.

అన్నిటికంటే పెద్ద చిక్కు పాటలతో. అప్‌లోడ్ అయిన కాసేపటికే కాపీరైట్ అభ్యంతరం వస్తుంది. కొన్నిచోట్ల శబ్దం ఆపేస్తారు, కొన్ని దేశాల్లో వీడియోనే రాదు. “మా అక్క పెళ్ళికి వాళ్ళెవరండీ హక్కుదారులు?” అని ఒకాయన నామీదే ఎగిరాడు. పెళ్ళికి కాదు, పాటకి. ఆ పాట పెట్టింది నేనే.

ఆ రోజుల్లో మిక్సింగ్ అంటే అదే. రెండు వీసీఆర్‌లు, మధ్యలో మిక్సర్, పక్కన ఆడియో డెక్కు. హృదయాకారంలో పెళ్ళికొడుకు, తామరపువ్వు విచ్చుకుంటే అందులో పెళ్ళికూతురు. కింద మొదటినుంచి చివరిదాకా సినిమా పాటలు. స్నాతకానికి ఒకటి, అప్పగింతలకి ఏడిపించేది ఒకటి. అసలు శబ్దాన్ని మేము ‘గోల’ అనేవాళ్ళం. జనరేటర్ రొద, చెంచాల మోత, మైకు ఈల, పిల్లల ఏడుపు, ఆడవాళ్ళ పిలుపులు. ఆ గోల తీసేసి పాట వేస్తేనే క్యాసెట్టు ‘నీట్‌గా’ వచ్చినట్టు. గట్టిమేళం కూడా తీసేసి పాట వేసినవాణ్ణి నేను. పెళ్ళివారు మెచ్చుకునేవారు కూడా.

ఇప్పుడు ఆ ఇళ్ళవాళ్ళే వస్తారు. బొమ్మ మసగ్గా ఉన్నా ఏమీ అనరు. “నాయనమ్మ ఏదో అంటోంది చూడండి, పాట తగ్గించి ఆ మాట పెంచలేరా?” అంటారు. పెదాలు కదులుతుంటాయి, పాట నడుస్తుంటుంది. అప్పటికి ఇళ్ళల్లో ఫోన్లే అరుదు. పోయినవాళ్ళ ఫొటోలు గోడకుంటాయి, గొంతు ఎక్కడా ఉండదు. ఉండగలిగింది ఆ క్యాసెట్టులో ఒక్కదాంట్లోనే. దాన్ని గోల అని తుడిచిపెట్టింది నేను. “కుదరదండీ” అనేవాణ్ణి గానీ, ఎందుకు కుదరదో పూర్తిగా చెప్పేవాణ్ణి కాదు.

రెండేళ్ళ క్రితం డాలస్ నుంచి ఒకాయన వచ్చారు. నా ఈడువారే. 1994లో వాళ్ళ చెల్లెలి పెళ్ళి నేను తీశాను. పెళ్ళైన మర్నాడు సాయంత్రమే ఆయన ప్రయాణం. మిక్సింగ్‌కి వ్యవధి లేదు. కెమెరాలోని అసలు క్యాసెట్టు మీదే ‘ఆడియో డబ్’ మీట నొక్కి పాటలు ఎక్కించి చేతికిచ్చాను. అక్కడికెళ్ళి చూస్తే ఆడలేదట. అమెరికాది ఎన్‌టీఎస్‌సీ పద్ధతి, వాళ్ళ వీసీఆర్‌కి మన పాల్ క్యాసెట్టు అర్థం కాదు. ముప్ఫై ఏళ్ళు పెట్టెలో పడి ఉంది. ఎవరూ ఆడించలేదు గనక ఒక్క గీతైనా పడలేదు, నిన్న తీసినట్టుంది.

“అమ్మ పోయి ఇరవై రెండేళ్ళయిందండీ. ఇందులో అమ్మ మాట్లాడుతుందా?” అని అడిగారు.

పెట్టాను. పీటల దగ్గర ఆవిడ కనపడ్డారు. వెనక్కి తిరిగి ఎవరితోనో ఏదో చెబుతున్నారు. పైన నా పాట. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నాకేం చెప్పాలో తెలియలేదు. అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు నా కెమెరా రిపేరులో ఉంటే బెజవాడ నుంచి హై-ఫై కెమెరా అద్దెకి తెచ్చాను.

వీహెచ్‌ఎస్ టేపులో శబ్దానికి రెండు చోట్లుంటాయి. అంచున సన్నటి దారి ఒకటి, అది అన్నిటికీ ఉండేదే. హై-ఫై మెషీనైతే బొమ్మ కిందనే, టేపు లోపొరలో, ఇంకో శబ్దం కూడా రాస్తుంది. డబ్ మీట చెరిపేది అంచుదారిని మాత్రమే. లోపొరని చెరపాలంటే బొమ్మనీ చెరపాల్సిందే. అంటే నేను పాట పెట్టానే గానీ మాటని తీయలేకపోయాను.

రిమోట్ మీద ఆడియో బటన్ నొక్కాను. తెరమీద ‘నార్మల్’ పోయి ‘హై-ఫై’ వచ్చింది. పాట ఠక్కున ఆగింది. జనరేటర్ రొద, డోలు, పంతులుగారి మంత్రం. ఆ వెనక ఆవిడ గొంతు: “కొట్టుగది తాళంచెవి ఎవరి దగ్గరుందర్రా? వడ్డనకి నెయ్యి బయట పెట్టలేదు, ఎవరూ పట్టించుకోరేం?”

అంతే. ఆశీర్వచనం కాదు, కన్నీళ్ళు కాదు. అవతల కూతురి మెడలో తాళి పడుతుంటే ఆవిడ నెయ్యి గురించి కేకలేస్తున్నారు. ఆయన గట్టిగా నవ్వేశారు. “అమ్మే! తాళంచెవి నా జేబులోనే ఉందండీ, ఆ రోజు నన్నెంత తిట్టిందో!” అన్నారు. వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టమన్నారు. మళ్ళీ పెట్టాను. నాలుగోసారికి ఆయనకి గొంతు రాలేదు, చేత్తో సైగ చేశారు.

రెండు ఫైళ్ళూ ఇచ్చాను, పాటది ఒకటి, మాటది ఒకటి. డాలస్ వెళ్ళాక రెండూ పెట్టి ఫోన్ చేశారు. పాటది మొదటి గంటలోనే అభ్యంతరంలో పడిందట. రెండోదానికి ఎవరూ అడ్డు రాలేదట.

అప్పట్నుంచి ఏ క్యాసెట్టు వచ్చినా ముందు ఆ బటనే నొక్కి చూస్తాను. మిక్సింగ్ చేసిన కాపీలకి లోపొరలోనూ పాటే ఉంటుంది, మామూలు కెమెరా టేపుకి లోపొరలో శబ్దమే ఉండదు. పదింట తొమ్మిది అలాంటివే. ఇప్పుడు మాత్రం ఎందుకు కుదరదో పూర్తిగా చెబుతున్నాను, ఎవరు తుడిచారో కూడా.