చెట్టు కింద పిల్లికూన

సూరత్‌లోని పాండేసరలో మాది ఒకటే గది. డిసెంబర్ వస్తే గోడకానించి రెండడుగుల ప్లాస్టిక్ క్రిస్మస్ చెట్టు పెడతాం. ఈసారి సాంచాల (మరమగ్గాల) సందులోంచి మా వెంటే వచ్చిన పిల్లికూన దాని కింద చేరింది.

చెట్టు పడుతుందన్న బెంగ లేదు, కిటికీ ఊచకు కట్టేశాను. గాజు గోళాలు తీసి గుడ్డ బొమ్మలు వేలాడదీశాం. నా భయమంతా చెట్టుకు చుట్టే మెరుపు తీగల మీదే. పిల్లి నాలుక మీది ముళ్లు గొంతువైపు తిరిగి ఉంటాయి. నోట్లో పడిన తీగనైనా దారాన్నైనా ఉమ్మలేక మింగేస్తుంది. ఆ దారం పేగుల్ని కుచ్చిళ్లలా ముడిచేస్తుంది, ఒక్కోసారి కోసేస్తుంది కూడా. దారం కొస బయటికి కనబడినా లాగకూడదు, వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకుపోవాలి.

సూరత్ అంటేనే దారం, జరీ. తెలంగాణ నుంచి మగ్గం పనికొచ్చిన మా ఇళ్లలో ఎక్కడ ఊడ్చినా దారపు పోగులే. అన్నం పెట్టిన దారాన్ని ఇలా అనుమానంగా చూడటం నాకు కొత్త. జనవరి 14న గాలిపటాల పండుగ ఉత్తరాయణం, అప్పుడు వీధంతా మాంజా దారమే.

మెరుపు తీగలన్నీ డబ్బాలో వేసి మూత బిగించాను. "చెట్టు బోసిపోయిందమ్మా" అంది బిడ్డ. ఇద్దరం కూర్చుని కాగితం నక్షత్రాలు కత్తిరిస్తున్నాం. కూన నా ఒళ్లో నిద్రపోతోంది.