బాబాయికి స్పెయిన్ నుంచి

లాస్ ఏంజెలెస్ దె శాన్ రఫాయెల్, ఏప్రిల్ 9

బాబాయ్,

ఫుట్‌బాల్ చూస్తానని బయల్దేరినదానివి ఈ కొండల్లో నీకేం పని అంటావు. మాడ్రిడ్ దాటి గ్వాదర్రామా కొండల అవతలికి వచ్చాను. పైన్ చెట్లు, చెరువు, చుట్టూ విల్లాలు. అట్లెటికో మాడ్రిడ్ క్లబ్బును పదహారేళ్లు ఏలిన మనిషి కథ ఇక్కడ మొదలైంది. స్పెల్లింగ్ చూసి జీసస్ గిల్ అన్నాను, బస్సులో పక్కనామె నవ్వి ‘హెసూస్ హిల్’ అని దిద్దింది.

ఇక్కడి భూములకు విల్లాల రూపమిచ్చి అమ్మిన రియల్ ఎస్టేట్ వ్యాపారి అతను. 1969 జూన్ 15న ఒక సూపర్‌మార్కెట్ సంస్థ వాళ్ల సమావేశం జరుగుతుండగా అతను కట్టించిన రెస్టారెంటు కూలింది. 58 మంది పోయారు. ఆర్కిటెక్టు లేడు, ప్లాను లేదు, కాంక్రీటు పూర్తిగా గట్టిపడనే లేదు. మన ఇంటి స్లాబు మీద మళ్లు కట్టి ఇరవై ఒక్క రోజులు నీళ్లు నిలిపించావు, గుర్తుందా? పది రోజులకే సెంట్రింగ్ విప్పబోయిన మేస్త్రీ మీద నువ్వు వేసిన కేకలు అప్పుడు నాకు చాదస్తంగా తోచాయి.

హిల్‌కు ఐదేళ్ల జైలు పడింది. శిక్ష పూర్తి కాకుండానే నియంత ఫ్రాంకో క్షమాభిక్ష పెట్టాడు. బయటికొచ్చి మళ్లీ కట్టడాలే మొదలెట్టాడు.

మాడ్రిడ్, ఏప్రిల్ 11

మాన్జనారెస్ నది ఒడ్డుకు వెళ్లాను. అట్లెటికో పాత మైదానం విసెంటె కాల్దెరాన్ స్టేడియం ఇప్పుడు లేదు. 2017లో క్లబ్బు కొత్త స్టేడియానికి మారాక కూల్చేశారు. ఒక గ్యాలరీ కింద నుంచే హైవే పోయేదట!

1987లో హిల్ క్లబ్బు అధ్యక్ష ఎన్నికల్లో నిలబడి, అప్పుడే యూరోపియన్ కప్పు గెలిచిన పోర్తో జట్టు నుంచి ఫుత్రేను తెస్తానన్నాడు. తెచ్చాడు, గెలిచాడు. మన ఎన్నికల్లో ఫ్యానూ మిక్సీ ఇస్తారు, ఇక్కడ లెఫ్ట్ వింగర్‌ను ఇచ్చారు. ఆ తర్వాత కోచ్‌లను చొక్కాలు మార్చినట్టు మార్చాడు. 1992లో ఖర్చు దండగని కుర్రాళ్ల అకాడమీ ఎత్తేశాడు. అలా వీధిన పడ్డ పిల్లల్లో రౌల్ ఒకడు. అతను రియల్ మాడ్రిడ్‌లో చేరి, 1994లో మొదటి జట్టుకు ఆడిన రెండో మ్యాచ్‌లోనే తొలి గోల్ కొట్టాడు. ఎవరి మీదనుకున్నావు? అట్లెటికో మీదే!

అయినా 1996లో లీగూ కింగ్స్ కప్పూ రెండూ ఇంటికొచ్చాయి. నది దగ్గర ఒక బార్లో ఆ ఏటి ఫొటో ఉంది. యజమాని ఆటగాళ్ల పేర్లన్నీ వేలు పెట్టి చెప్పాడు. హిల్ సంగతి అడిగేసరికి కాఫీ మెషిన్ వైపు తిరిగాడు. 2000లో ఆ జట్టే రెండో డివిజన్‌కు జారింది.

మార్బెయా, ఏప్రిల్ 14

బాబాయ్, ఊరు బాగుంది, అబద్ధమెందుకు. పాలరాతి నడకదారులు, పూలకుండీలు, సముద్రం. 1991లో హిల్ ఇక్కడ మేయరయ్యాడు. పార్టీకి పేరు కూడా తన ఇంటిపేరే వచ్చేలా అక్షరాలు కుదుర్చుకున్నాడు: జి.ఐ.ఎల్. పోలీసుల్ని పెట్టి బిచ్చగాళ్లనూ వేశ్యలనూ వీధుల్లోంచి తరిమించాడు. జనం 1995లో, 1999లో కూడా అతనికే మెజారిటీ ఇచ్చారు. ఆ 58 మంది సంగతి తెలియక కాదు. వీధి శుభ్రంగా ఉంటే లెక్కలు ఎవరడుగుతారు?

అట్లెటికో చొక్కాల మీద ‘మార్బెయా’ అని ఉండేది. అది ఊరికి ప్రచారమని అనుకున్నారు. ఊరి ఖజానా డబ్బు క్లబ్బుకు మళ్లిన దారి అదేనని తర్వాత కోర్టు తేల్చింది. 2002లో సుప్రీంకోర్టు తీర్పుతో మేయర్ పదవి పోయింది; 28 ఏళ్లు ఏ ప్రభుత్వ పదవీ చేపట్టకూడదన్నారు. పార్కులకు వదలాల్సిన స్థలాల్లో అపార్ట్‌మెంట్లు లేచాయి. పట్టణ ప్రణాళిక అతను ఎవరి చేతిలో పెట్టాడో ఆ రోకా, మలాయా అనే లంచాల కుంభకోణంలో ప్రధాన ముద్దాయి అయ్యాడు. 2006లో మాడ్రిడ్ ప్రభుత్వం మార్బెయా కౌన్సిల్‌నే రద్దు చేసింది. ఇప్పటి స్పెయిన్ ప్రజాస్వామ్యంలో అలా జరగడం అదే మొదలు. దాన్ని చూడ్డానికి హిల్ లేడు, 2004లోనే పోయాడు. కొడుకు ఇప్పటికీ క్లబ్బు వ్యవహారాలు నడుపుతున్నాడు.

మేడ మీది గదికి మొన్న స్లాబు పోశారని పిన్ని ఫోన్లో చెప్పింది. నేను ఇరవై ఐదుకి వస్తాను. అందాకా సెంట్రింగ్ జోలికి ఎవర్నీ పోనివ్వకు.