గుమ్మడికాయ బరువు 3,200 గ్రాములు

2024 నవంబరు 6, బుధవారం
టీకాల రోజు. ఐస్‌బాక్సు భుజాన వేసుకుని మత్స్యగెడ్డ అవతలి ఊరికి వెళ్లాను. దారి పొడుగునా వలిసె పూలు. పొలిమేర చింతచెట్టు కింద ఆడుకుంటున్న పిల్ల నన్ను చూసి "సూదమ్మొచ్చిందో!" అని ఒక్క కేక పెట్టింది. అంతే, ఊళ్లో మూడేళ్లలోపు వాళ్లంతా మాయం. ఆశా కార్యకర్తా నేనూ కలిసి ఒకణ్ణి కోళ్లగూడు వెనక, ఇంకొకణ్ణి తాత దుప్పటి కింద పట్టుకున్నాం. ఆరు వారాల పసిది మాత్రం ఎటూ పారిపోలేదు, పాపం. ఎడమ తొడలో పెంటావాలెంటు దిగేదాకా నన్ను చూసి బోసినోటితో నవ్వుతూనే ఉంది.

పదిహేనేళ్ల సర్వీసులో ఎంతమంది బిడ్డల్ని ఎత్తుకున్నానో లెక్కలేదు. ఒక్కొక్కరు నా చేతిలో ఉండేది ఐదు నిమిషాలు. అందులో నాలుగు ఏడుపుకే పోతాయి.

నవంబరు 10, ఆదివారం
నాకు ముప్పై ఎనిమిది నిండాయి. బిడ్డ కావాలని అమ్మకి చెప్పేశాను. "మొగుడొద్దన్నావు, సరే. బిడ్డెలా వస్తాదే, సంతలో దొరుకుతాదేటి?" అంది. ఫోనులో దత్తతలు చూసే సర్కారు సంస్థ కారా పేజీ తీసి చదివి వినిపించాను. పెళ్లికాని ఆడది ఆడపిల్లనైనా మగపిల్లాణ్ణైనా దత్తత తీసుకోవచ్చు. పెళ్లికాని మగాడికి ఆడపిల్లనివ్వరు. అమ్మకి ఆ రెండో ముక్క తెగ నచ్చింది. "సర్కారోళ్లకి బుద్ధుందే" అని రెండుసార్లు చదివించుకుంది.

మూడో ముక్క చదవలేదు. రెండేళ్లలోపు బిడ్డ కావాలంటే నాలాంటిదానికి నలభై దాటకూడదు. టీకా తేదీ దాటబెట్టిన తల్లుల్ని ఇన్నాళ్లూ ఎన్నేసి మాటలన్నానో!

నవంబరు 18
సంతలో గుమ్మడికాయ కొన్నాను. ఇంట్లో ఎవరూ లేరని చూసుకుని పిల్లల్ని తూచే ముల్లుతక్కెడకి తగిలించాను. 3,200 గ్రాములు. రెండున్నర కిలోలు దాటింది కాబట్టి భయం లేదు. అమ్మ పాత చీరతో వీపున కట్టుకుని పెరట్లో పచార్లు మొదలెట్టాను. మా ఆడవాళ్లు ఇలా కట్టుకునే కలుపు తీస్తారు, కొండెక్కుతారు, నాట్లేస్తారు. నేను చీపురు తీయడానికి వంగానో లేదో ముడి జారింది. కాయ దొర్లుకుంటూ పోయి మెట్టుకి కొట్టుకుంది. "అయ్యో తల్లీ!" అని అరిచాను.

గోడ మీంచి పక్కింటి వదిన చూస్తోంది. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

నవంబరు 19
పగిలిన కాయ నిలవుండదని అమ్మ బెల్లం వేసి కూరొండింది. "నీ కూతురు తియ్యగుందే" అంది. అలిగి రెండు ముద్దలతో లేచాను. అర్ధరాత్రి ఆకలికి తాళలేక గిన్నె ఖాళీ చేశాను. గింజలు మాత్రం అమ్మ చేటలో ఆరబోసింది.

డిసెంబరు 3
దత్తత కాగితాల కోసం ఒక ఆఫీసుకి వెళ్లాను. దరఖాస్తులో "భర్త పేరు" అనే గడి ఖాళీగా ఉంటే తీసుకోబోమన్నారు. "లేరు" అని రాశాను. పక్క సీటాయన అది చదివి కళ్లజోడు తీసేశాడు. "అయ్యో, ఎన్నాళ్లయిందమ్మా?" అన్నాడు. నిజం చెబితే మళ్లీ మొదటి కౌంటరుకి పొమ్మంటారేమోనని తల దించుకుని నిలబడ్డాను. టీ తెప్పించాడు. ఆ ఫైలు ఆ పూటే కదిలింది. లేని మొగుడు ఇంత సాయం చేస్తాడనుకోలేదు.

డిసెంబరు 15, ఆదివారం
నాకేమైనా అయితే బిడ్డని చూసుకుంటానని దగ్గరి బంధువు రాసివ్వాలి. తమ్ముడింటికి వెళ్లాను. వాడు మాస్టారు, అన్నీ తెలుసు. "1956 నాటి హిందూ దత్తత చట్టం మన ఎస్టీలకి వర్తించదక్కా" అన్నాడు. ఆ మాట నిజమే. నేను దరఖాస్తు పెడుతున్నది 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద, అందులో తెగా మతమూ అడగరు అన్నాను. వాడు కాసేపు క్యాలెండరు చూశాడు. మరదలు లోపల్నించి పెన్ను తెచ్చి వాడి చేతిలో పెట్టింది.

2025 ఫిబ్రవరి 6
దత్తత పని మీద ఇల్లు చూడ్డానికి వచ్చారు. పెళ్లిచూపులకి ముస్తాబు కానని ఎన్నిసార్లు మొండికేశానో, ఇవాళ పొద్దున్నే లేచి పట్టుచీర కట్టాను. అమ్మ జంతికలు, కాఫీ పెట్టింది. వచ్చినాయన జీతం, జబ్బులు, ఇంట్లో ఎవరెవరుంటారు అన్నీ అడిగాడు. "పిల్లలతో మీకు ఎలా ఉంటుంది?" అన్నాడు. చాలా చనువండీ అనబోతుండగా వదిన మనవడు బంతి కోసం లోపలికొచ్చాడు. నన్ను చూశాడు. చొక్కా చేయి గట్టిగా పట్టుకుని, ఇల్లెగిరిపోయేలా ఏడుపు అందుకున్నాడు.

"భయం కాదు బాబూ, బాగా ఎరికైన మనిషి కదా" అని అమ్మ సర్దబోయింది. ఆయనేదో రాసుకున్నాడు. తలకిందులుగా చదవబోయాను. అది మా డాక్టరుగారి రాత కన్నా ఘోరంగా ఉంది.

మార్చి 12
ఇల్లు చూసిన రిపోర్టు ఎక్కిందట. ఇక వరసలో ఎదురుచూడ్డమే. బిడ్డ వివరాలు పంపితే 48 గంటల్లో ఒప్పుకోవాలి. నేను తిరిగే ఊళ్లలో సగానికి సిగ్నల్ రాదు. ఫోను బుధ, శనివారాలు అమ్మ దగ్గరే ఉంచి వెళ్తున్నాను. మెసేజీ వస్తే ఎర్ర బొత్తాం కాదు, పచ్చది నొక్కమని పచ్చరంగు గుడ్డముక్క చూపించి మరీ నేర్పాను. మర్నాడే నా జీతం మెసేజీ చూసి వీధంతా మిఠాయి పంచింది.

ఏప్రిల్ 9, బుధవారం
ఇటుకల పండగ. రోడ్డుకి అడ్డంగా వాసం పెట్టి ఆడవాళ్లు బళ్లు ఆపుతున్నారు. ఐస్‌బాక్సుతో వస్తున్న నన్నూ ఆపారు. డబ్బులిస్తేగానీ సూదమ్మనీ వదలరట. ఇరవై ఇచ్చాను. వాసం ఎత్తుతూ ఒకామె వీపున ఉన్న పసివాడు నా జడ పట్టుకుని లాగాడు. వాడికి ఇంకా టీకా పడలేదు. పేరు రాసుకుని, ఆ పూటకి సూది తీయలేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ విత్తనాల బుట్ట పూజలో పెట్టించి తెచ్చింది. చోళ్లు, వడ్లు, ఒక మూలన గుమ్మడి గింజలు. ఇవెందుకే అన్నాను.

"వచ్చేది ఎప్పుడొస్తాదో ఏటో. కూరుండొద్దా?"