మళ్ళా ఎందుకు?

మా సాదలి చుట్టుపక్కల పట్టు అనే మాట పెళ్ళిచీరకు మాత్రమే. పురుగు, ఆకు, గూడు, వాటి మీద వచ్చే నాలుగు డబ్బులు, అన్నీ కలిపి మాకు రేష్మె. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, శిడ్లఘట్ట గూళ్ళ మార్కెట్లో ఎవరికి ఏది చేతనైతే అది. నేను బి.కాం. చదివింది ఇంగ్లీషులో. బ్యాంకులో చేరాక నోరు తిరిగింది కన్నడంలో. ఈ భాషల గొడవ మొదట్లోనే ఎందుకంటే, నేను చెప్పబోయే తప్పులో దానికీ పాలుంది.

1997 జనవరి 18, శనివారం. సంక్రాంతి వెళ్ళి నాలుగు రోజులు. అప్పటికి మాది ఇంకా కోలారు జిల్లాయే, చిక్కబళ్ళాపురం జిల్లా అయింది 2007లో. పల్స్ పోలియో దేశమంతటా మొదలై రెండో ఏడు. 1995 డిసెంబరు 9న మొదలుపెట్టినప్పుడు మూడేళ్ళలోపు పిల్లలకే వేశారు, మరుసటేడు ఐదేళ్ళకు పెంచారు. ఒక్క రోజులో దేశంలోని పిల్లలందరి నోళ్ళలో చుక్కలు పడితే ఊళ్ళలో తిరిగే క్రిమికి నిలవడానికి చోటుండదని లెక్క. లెక్క అనగానే మా బడి మాస్టారికి నేను గుర్తొచ్చాను. బ్యాంకు గుమాస్తా కదా, పుస్తకంలో గీతలు తప్పకుండా గీస్తాడని. అలా సెలవు పెట్టి, సాదలికి దగ్గర్లోని ఒక పల్లెలో, బడి వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నాను. అంగన్‌వాడీ ఆమె చుక్కలు వేస్తుంది. నేను పేరు, వయసు రాసుకుంటాను. పక్కన ఐసు పెట్టె. వెనక కన్నడంలో బ్యానరు.

పొద్దున బాగానే వచ్చారు. పన్నెండు దాటాక పలచబడింది. అప్పుడొచ్చింది ఒకావిడ, ఇరవై రెండేళ్ళుంటాయేమో, చంకలో ఏడాదిన్నర పిల్లవాడు. బల్ల దాకా రాలేదు, వరండా మెట్టు కింద నిలబడింది.

“సార్, పోయినసారీ ఏసినారు, అంతకు ముందూ ఏసినారు. మళ్ళా ఎందుకు? ముందరేసింది పని చెయ్యలేదా?”

నాకు జవాబు తెలియదు. మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు. మాకిచ్చిన కాగితంలో ‘ఇంతకు ముందు వేసినా మళ్ళీ వేయాలి’ అని ఉంది గాని, ఎందుకో లేదు. తెలియదని ఒప్పుకోవడానికి బల్ల వెనక కూర్చున్నవాడికి నోరు రాదు. సర్కారు చెప్పింది, వేయించుకోవాలి అన్నాను. ఆమె కదల్లేదు.

“మా పక్కింటి పిల్లోడికి జరమొస్తే సూది ఏసినారు. రెండు దినాలకి కాలు పడిపోయింది. మాకీ మందులంటే బయం సార్.”

అప్పుడు నేనన్న మాట ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది. అదీ కన్నడంలో అన్నాను. ఆమె తెలుగులో అడుగుతోంది, నేనూ తెలుగువాణ్ణే, అయినా కౌంటరు వెనక కూర్చుంటే నా నోట కన్నడమే వచ్చేది, అదీ ఆఫీసు కన్నడం. ఊరికే ఇస్తున్నా తీసుకోరు, ఈ మూఢనమ్మకాలతోనే మీ పిల్లల్ని మీరు కుంటివాళ్ళను చేసుకుంటారు అన్నాను. వరండాలో ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళున్నారు. ఆమె మారు మాట్లాడకుండా కొంగు పిల్లవాడి తల మీద కప్పుకుని వెళ్ళిపోయింది. నా పుస్తకంలో ఆ పేరు ఎక్కలేదు కనుక, సాయంత్రం లెక్క చక్కగా సరిపోయింది.

ఇక మా ఇంటి సంగతి. మా చెల్లెలికి 1978లో, రెండేళ్ళ వయసులో, పోలియో వచ్చింది. దేశంలో టీకాల కార్యక్రమం మొదలైంది ఆ ఏడే గాని పోలియో చుక్కలు అందులో చేరింది ఆ తర్వాతే. జ్వరమొస్తే అమ్మ ఎత్తుకుని పోయింది, తొడకు సూది వేశారు, మూడో రోజుకు ఆ కాలు వాలిపోయింది. సూది వల్లే పోయిందని అమ్మ జీవితమంతా అనేది. కాలేజీకి పోయి నాలుగు పుస్తకాలు చూసిన నేను, అది క్రిమి వల్ల వచ్చే జబ్బమ్మా, సూదికేం సంబంధం అని కొట్టిపారేసేవాణ్ణి.

ఆ రాత్రి అన్నం తింటూ పల్లెలో జరిగింది చెప్పాను, కాస్త గొప్పగానే. అమ్మ వడ్డించే గరిటె ఆపి, “నేనున్నా లేచి పోయేదాన్ని రా” అంది. అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత చాలా ఏళ్ళకు చదివి తెలుసుకున్నాను, అమ్మ చెప్పింది పూర్తిగా తప్పు కాదట. పోలియో క్రిమి సోకినవాళ్ళలో ఇన్నూరుమందిలో ఒకరికే అవయవం చచ్చుబడుతుంది. మిగతావాళ్ళకు వచ్చిందీ పోయిందీ తెలియదు. కాని క్రిమి ఒంట్లో ఉన్న సమయంలో కండలో సూది పొడిస్తే, ఆ కాలు చచ్చుబడే ప్రమాదం పెరుగుతుందని 1950 నాటికే ఇంగ్లండు, ఆస్ట్రేలియా డాక్టర్లు గమనించారు. నోట్లో వేసే చుక్కలకు ఆ బెడద లేదు. ‘నువ్వు చూసింది నిజమే తల్లీ, ఇది సూది కాదు, చుక్క’ అని ఒక్క ముక్క చెప్పగలిగినవాడు ఆ వరండాలో ఉండి ఉంటే సరిపోయేది.

ఆమె మొదటి ప్రశ్నకూ జవాబుంది. అదీ దూరంలో లేదు. మనవాళ్ళు పెద్ద జబ్బు చేస్తే పోయే వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలోనే డాక్టర్ టి. జేకబ్ జాన్ 1970లలోనే చూపించారు. చల్లటి దేశాల పిల్లలకు మూడు మోతాదులు చాలినట్టు మన పిల్లలకు చాలవు. విరేచనాలు, పేగుల్లో ఇతర క్రిములు, ఇరుకు బతుకుల మధ్య చుక్కలు కొందరికి పట్టవు. అందుకే మళ్ళీ మళ్ళీ వేయాలి. అంటే ‘ముందరేసింది పని చెయ్యలేదా’ అన్నది సరైన ప్రశ్న. కొందరిలో పని చేసి ఉండదు! ఆ ఒక్క సంగతి మా కాగితంలో అచ్చు వేయడానికి అదనంగా రెండు పంక్తులు పట్టేవి.

ఉత్తరప్రదేశ్‌లో ఇదే సంగతి ఎంత పెద్దదయిందో తర్వాత అందరం చూశాం. ఇన్నిసార్లు ఎందుకు వేస్తున్నారు, పిల్లలు పుట్టకుండా చేయడానికేనా అని అనుమానం పుట్టింది. ఎమర్జెన్సీ ఆపరేషన్లు గుర్తున్నవాళ్ళకు ఆ అనుమానం రావడం వింతా కాదు. 2002లో దేశంలో 1,600 కేసులు. మరుసటేడు మన కర్ణాటకలోనూ మళ్ళీ కనబడింది. అక్కడి మసీదు పెద్దలతో మాట్లాడి, ఆ వీధి ఆడవాళ్ళనే ఇంటింటికీ పంపి, అడిగినదానికి జవాబు చెప్పించాక తలుపులు తెరుచుకున్నాయి. 2009లో 741, 2010లో 42, 2011లో ఒకటే. ఆ చివరి కేసు జనవరి 13న హౌరాలో. 2014 మార్చి 27న మన దేశానికి పోలియో లేదన్న ధ్రువపత్రం వచ్చింది. బ్యాంకులో ముప్ఫై ఏళ్ళు లెజర్లు చూశాను గాని, అంత అందంగా దిగిన అంకెలు ఎక్కడా చూడలేదు.

నా ఆదివారం సంగతికి వస్తాను. మర్నాడు సాయంత్రం అమ్మను సైకిలు వెనక ఎక్కించుకుని ఆ పల్లెకు పోయాను. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు, నేను తిట్టిన తిట్టు ఊరంతా తెలుసు. ఇంట్లో పురుగు నాలుగో జ్వరం లేచి నాలుగు రోజులైంది. రేష్మె తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, పంట మొత్తంలో తినే ఆకులో నూటికి ఎనభై పాళ్ళకు పైగా పురుగు ఆ చివరి వారంలోనే తింటుంది. కోసి తెచ్చి వేసినకొద్దీ వాన కురిసినట్టు చప్పుడు చేస్తూ తింటుంది. కొత్తవాళ్ళను లోపలికి రానివ్వరు, కాళ్ళ వెంట రోగం వస్తుందని. అందుకే మేం గడప బయటే కూర్చున్నాం. ఆ వారంలో ఆమె ఆకు వేసే పని మధ్యలో వదిలి, అత్తగారితో మాట పడి, పిల్లవాణ్ణి ఎత్తుకుని బడి దాకా వచ్చిందన్నమాట. వచ్చింది అడగడానికి. నేను పుస్తకంలో ‘రాలేదు’ అన్న లెక్కలోకి తోశాను. రెండు చుక్కలు ఉచితమే. పల్లెలో ఒక పూట మాత్రం ఎవరికీ ఉచితంగా దొరకదు, కామర్స్ చదివినవాడికి ఇది తట్టవలసింది.

నేను క్షమించమని ఏదో గొణిగాను, ఈసారి తెలుగులోనే. ఆమె నావైపు చూడలేదు. అమ్మ చుక్కల మాటే ఎత్తలేదు. ఎన్ని గుడ్లు కట్టారు, ఆకు సొంతమా కొన్నదా, పోయిన పంట గూళ్ళు ఏ ధర పలికాయి, ఇవే మాటలు అరగంట. లేవబోయే ముందు, “మా పాపకీ సూది ఏసినాకే కాలు పోయింది” అంది.

ఆమె చేతిలో ఆకు గంప కింద పెట్టి గడప మీద కూర్చుంది.

“ఇప్పుడు నడస్తాదా పెద్దమ్మా?”

“నడస్తాది. ఎత్తెత్తి ఏస్తా నడస్తాది. సైకిలు తొక్కల్లని శానా ఆశ దానికి.”

“చుక్కలేసుంటే?”

“అప్పుడు మా ఊర్లో చుక్కలు యాడున్నాయి పాపా.”

లోపల్నించి అత్తగారు ఆకు కోసం కేకేసింది. పోలియో దినం అయిపోయింది, మళ్ళీ దేశమంతా వేసేది డిసెంబరులోనే. కాని ఆరోగ్య కేంద్రంలో గురువారం మామూలు టీకాలు వేసే రోజు. అమ్మ ఆమెతో గురువారం నేనొస్తా, నువ్వు పిల్లోణ్ణి తీసుకుని రోడ్డు మీదికి రా అని చెప్పింది. అత్తగారికి వినబడేలా, గట్టిగానే చెప్పింది.

గురువారానికి పురుగు చంద్రికలకెక్కింది, ఇంట్లో ఆకు పని లేదు. ఆ రోజు మా బ్రాంచిలో పెన్షన్ల రద్దీ. పన్నెండు గంటలప్పుడు తలెత్తి కిటికీలోంచి చూస్తే, రోడ్డు అవతల చింతచెట్టు కింద అమ్మ, ఆమె బస్సు కోసం నిలబడి ఉన్నారు. పిల్లవాడు అమ్మ చంకలో ఉన్నాడు. అమ్మ వాడి ఎడమ కాలు పట్టుకుని, మోకాలి దగ్గర మెల్లగా మడిచి, చాపి, మళ్ళీ మడిచి చూస్తోంది.