పేలని గింజలు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగినప్పటి నుంచి 2020 సంక్రాంతి సెలవుల్లోని ఒక రాత్రి నా మనసులో మెదులుతోంది.

అప్పుడు నేను ఇంటర్ రెండో సంవత్సరం. కరీంనగర్‌లో మన హాస్టల్లో నా పెట్టె పక్కనే నా మిత్రుడి పెట్టె ఉండేది. వాడిది ఆసిఫాబాద్ దాటాక కెరమెరి వైపు పల్లె. పేరు రాస్తే వాడు ఊరుకోడు. "మా ఊరికి రారా, చలంటే ఏందో సూస్తవ్" అని సెలవులకు తీసుకుపోయాడు. మంచిర్యాల మీదుగా బస్సులో వెళ్లాం. ఆదిలాబాద్ చలి గురించి పేపర్లో చదవడమే గాని, ఆ రాత్రి నా పళ్లు కొట్టుకుంటుంటే అసలు సంగతి తెలిసింది.

వాళ్ల బాపు జొన్నచేనుకు కావలి పోతుంటే మేమూ వెంట వెళ్లాం. అడవి పందులు రాకుండా తెల్లవార్లూ నెగడు వేసి, డబ్బా కొడుతూ ఉండాలి. ఆకలేస్తే తినమని వాళ్లమ్మ సన్నగింజ మక్కలు మూట కట్టి ఇచ్చింది. నేను తొందరపడి పెంకలో గింజలు పోసి మంట మీద పెట్టాను. సగం మాడిపోయాయి.

బాపు నవ్వి, "కొడుకా, మంట మీద గాదు, నిప్పుల మీద పెట్టాలె" అన్నాడు. నెగట్లోంచి నిప్పులు పక్కకు లాగి, మూడు రాళ్ల మీద మట్టి పెంక పెట్టి, వాగు ఇసుక పోశాడు. ఇసుక కాగాక ఒక్క గింజ వేసి చూశాడు. అది టప్పుమనగానే పిడికెడు గింజలు పోసి, పుల్లతో కలుపుతూ, ఎగిరిపోకుండా చేట అడ్డం పెట్టాడు. జల్లెడ పట్టి ఉప్పు చల్లుకుని తిన్నాం. మా ఇంట్లో తొలి ఏకాదశికి మా నాయనమ్మ జొన్న పేలాలు దంచి బెల్లం కలిపి పెట్టేది. ఆ రుచి గుర్తుకొచ్చింది.

అయినా చాలా గింజలు పేలలేదు. "ఇవి పుచ్చినయా బాపూ?" అని అడిగాను.

"పుచ్చలే. పొయ్యి మీది అటుకు మీద పెట్టినం గద, బాగ ఎండినయ్. మిగిలినవాటికి జరన్ని నీళ్లు చిలకరించి, డబ్బల పోసి మూత పెట్టు. మూడొద్దులు ఆగి సూడు."

ఆయన చెప్పినట్టే చేశాం. మూడో రాత్రి అవే మక్కలు మల్లెపూలలా విచ్చుకున్నాయి.

మార్చిలో పరీక్షలు అయ్యాయో లేదో లాక్‌డౌన్ వచ్చింది. హాస్టల్ మూసేశారు. ఇద్దరం పాసై డిగ్రీలో చేరాం. పాఠాలన్నీ ఫోన్లోనే. వాళ్ల ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను, అది బాపుతో చేనుకు పోయేది. ఊళ్లో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి. ఒకరోజు ఆ గుట్ట మీది నుంచే ఫోన్ చేసి, "నోట్సులు ఫోటోలు తీసి పంపురా" అన్నాడు. రెండు పాఠాలు పంపాను. మిగిలినవి రేపు పంపుతానన్నాను. ఆ రేపు రాలేదు. 2021 ఫిబ్రవరిలో కాలేజీలు తెరిస్తే వాడు రాలేదు. మార్చిలో మళ్లీ మూశారు. ఆ తర్వాత మంచిర్యాలలో సెంట్రింగ్ పనికి కుదిరాడని విన్నాను. విని ఊరుకున్నాను. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే అని అందరూ మెచ్చుకుంటుంటే ఆ సంతోషంలో పడిపోయాను.

ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో చేరాక ఒకరోజు లైబ్రరీలో పేలాల సంగతి చదివాను. గింజలో సుమారు 14 శాతం తేమ ఉండాలట. దాదాపు 180 డిగ్రీల వేడికి ఆ తేమ ఆవిరై, గట్టి పొట్టు లోపల వాతావరణ పీడనానికి తొమ్మిది రెట్ల దాకా ఒత్తిడి పెరుగుతుంది. పొట్టు పగలగానే లోపలి పిండి పదార్థం నురగలా పొంగి, చల్లారి గట్టిపడుతుంది. తేమ తగ్గినా, పొట్టుకు చీలిక ఉన్నా గింజ పేలదు. మన కరీంనగర్ పొలాల్లో పండి కోళ్ల దాణాకు పోయే మక్కలు పేలకపోవడానికి కారణం వాటి పొట్టు, పిండి అంత గట్టిగా ఉండకపోవడమే.

పుస్తకం మూశాను గాని, "పుచ్చలే, ఎండినయ్" అన్న బాపు మాట చెవిలోనే ఉంది. లెక్కల్లో నాకంటే చురుకైనవాడు నా మిత్రుడు. వాడికి కావలసింది జరన్ని నీళ్లు. అవి నా చేతిలో ఉండి కూడా చిలకరించలేదు.

మొన్నటి చలికాలం మంచిర్యాల వెళ్లి వాణ్ణి కలిశాను. అరచేతులు కాయలు కాశాయి. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో పని చేసుకుంటూనే డిగ్రీ చదవొచ్చని చెప్పాను. "ఇప్పుడు యాదికొచ్చిన్నా?" అన్నాడు. నేను తల వంచుకున్నాను. కాసేపటికి వాడే, "సరే, సూద్దాం తియ్" అన్నాడు. ఇంకా ఫీజు కట్టలేదు. నేను వారం వారం ఫోన్ చేస్తూనే ఉన్నాను.

తమ్ముళ్లారా, సెలవుల తర్వాత మీ పెట్టె పక్క పెట్టె కనిపించకపోతే అదే రోజు ఫోన్ చేయండి. నాలాగా రేపు అనకండి.