గేటుకీ ఒడ్డుకీ మధ్య

కిన్నెరసాని జలాశయం గురించి పర్యాటకులకు పనికొచ్చేలా రాయమని సంపాదకులు అడిగితే పాల్వంచ మీదుగా యానంబైలు దారి పట్టాను. అక్కడ చూడవలసినవి ఈ ప్రాంతంలో అందరికీ తెలిసినవే. గుట్టల మధ్య కట్ట, దాని వెనుక అడవి అంచు దాకా పరుచుకున్న నీళ్లు, నీళ్ల నడుమ దీవులు, దుప్పుల పార్కు, బోటు షికారు. విశ్వనాథ సత్యనారాయణ ‘కిన్నెరసాని పాటలు’ వల్ల ఈ వాగు పేరు చూడనివాళ్లకూ తెలుసు. అందుకే ఆ వర్ణన ఇంతటితో వదిలి గేట్ల దగ్గర ఆగుతున్నాను. ఏ ఆనకట్టకైనా వానలకు ముందు జరగవలసిన పని ఒకటుంది. ఇనుప రోప్‌ల మీది పాత గ్రీజు గీకి తీయాలి. లోపల తీగ ఎక్కడైనా తెగిందేమో తడిమి చూడాలి. మళ్లీ గ్రీజు, కార్డియం కాంపౌండ్ పట్టించాలి. అరిగిన రబ్బరు సీళ్లు మార్చాలి. కరెంటు పోతే జనరేటర్ అందుకోవాలి, అదీ మొరాయిస్తే చేత్తో తిప్పి గేటు లేపగల మనుషులు అక్కడ ఉండాలి. ఆనకట్ట భద్రత ఈ మనుషుల చేతుల్లో మొదలవుతుంది. గేటు ఎత్తుతున్న సంగతి దిగువ ఒడ్డున ఉన్నవాళ్లకు వేళకు తెలిసినప్పుడే అది పూర్తవుతుంది. మనం ఈ రెండు చివరలనూ వదిలేసి, మధ్యలో ఉన్న పార్కును మాత్రమే పట్టించుకుంటున్నాం. నా వాదన అదే.

కిన్నెరసాని గుండాల, ఆళ్లపల్లి అడవుల్లోంచి వచ్చి ఇక్కడ ఆగి, ఆపైన బూర్గంపాడు వైపు సాగి గోదావరిలో కలుస్తుంది. ఆనకట్ట కట్టింది విహారానికి కాదు, పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రానికి నీళ్లివ్వడానికి. పూర్తిస్థాయి నీటిమట్టం 407 అడుగులు, నిల్వ 8.4 టీఎంసీలు. చుట్టూ ఉన్న 635 చదరపు కిలోమీటర్ల అడవిని 1977లో అభయారణ్యంగా ప్రకటించారు. కాబట్టి కట్టా గేట్లూ ఆ విద్యుత్ కేంద్రాన్ని నడిపే జెన్‌కోవి, అడవీ దుప్పుల పార్కూ వన్యప్రాణి విభాగానివి, బోట్లు పర్యాటక సంస్థవి. ఆదివారం ఎంతమంది వచ్చారో, ఏ శాఖకు ఎంత ఆదాయం వచ్చిందో మర్నాడు జిల్లా పేజీల్లో రూపాయలతో సహా వస్తుంది. ఆ లెక్క రావడం మంచిదే. రోప్‌లు చివరిసారి ఎప్పుడు చూశారు, సైరన్ ఎప్పుడు మోగించి పరీక్షించారు అనే లెక్క కూడా దాని పక్కనే రావాలి. ఒకే నీటి ఒడ్డున మూడు శాఖలు ఉన్నప్పుడు, ఎవరి పని వాళ్లు సక్రమంగా చేసినా, ఒకరి పనికీ మరొకరి పనికీ మధ్య ఉన్న ఖాళీలో సందర్శకుడు మిగిలిపోతాడు. గేట్లు ఎత్తాలని కట్ట మీద నిర్ణయం జరిగిన నిమిషానికే బోటు నడిపే మనిషికీ, చేపలకు వల వేసినవాడికీ, వాగు దిగువన పొయ్యి వెలిగించుకున్న కుటుంబానికీ ఆ కబురు అందాలి.

ఇంత చిన్న ఆనకట్టకు ఇంత ఆందోళన దేనికని అడిగేవాళ్లు ఉంటారు. నాగార్జునసాగర్ పక్కన పెడితే ఇది చిన్నదే. అయితే ఇదే జిల్లాలో, అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి దగ్గరున్న పెద్దవాగు ప్రాజెక్టు ఇంతకంటే చిన్నది. 2024 జూలై 18న కుండపోత వానకు వరద ముంచుకొచ్చినప్పుడు, ఉన్న మూడు గేట్లలో ఒకటి లేవలేదని పత్రికలు రాశాయి. ఆ రాత్రి మట్టికట్టకు గండి పడింది. వరద మధ్య చిక్కుకున్నవాళ్లను ఒడ్డుకు చేర్చడానికి హెలికాప్టర్లు రావలసి వచ్చింది. ఒకప్పుడు ఈ ప్రాంతంతో పాటు ఖమ్మం జిల్లాలోనే ఉండి ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న వేలేరుపాడు, కుక్కునూరు మండలాల ఊళ్లు నీట మునిగాయి. అంతకు మూడేళ్ల ముందు, 2021 నవంబరు 19న, కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కథా ఇంతే. అయిదు గేట్లలో ఒకటి పనిచేయలేదు, మట్టికట్ట కొట్టుకుపోయింది, రాజంపేట మండలంలోని పల్లెల్లో ఎందరో చనిపోయారు. మూడు గేట్లలో ఒకటి లేవకపోతే వరద పోయే దారిలో మూడోవంతు మూసుకుపోయినట్టే. పైనుంచి నీళ్లు పొర్లితే మట్టికట్ట నిలవదు, వెనుకవైపు నుంచి కోసుకుపోతుంది. పెద్ద జలాశయంలో మట్టం పెరగడానికి సమయం పడుతుంది, ఆలోపు ఒక తప్పును సరిదిద్దుకోవచ్చు. చిన్నదానికి ఆ వ్యవధి ఉండదు. చిన్నదన్న మాట నిర్లక్ష్యానికి కారణం కాకూడదు, ఎక్కువ జాగ్రత్తకు కారణం కావాలి.

ఇక రెండో చివర, ఒడ్డు. కట్ట గట్టిగా ఉండి, గేట్లు చక్కగా లేచినా ప్రాణాలు పోవచ్చని తెలుగువాళ్లం 2014 జూన్ 8న నేర్చుకున్నాం. హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో దిగి ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీళ్లలో కొట్టుకుపోయారు. అక్కడ ఏ డ్యామూ కూలలేదు. నీళ్లు వస్తున్నాయన్న కబురు వాళ్లకు అర్థమయ్యే తీరులో అందలేదు. భద్రాచలం వచ్చే యాత్రికుడిదీ అదే స్థితి. రాముణ్ణి దర్శించుకుని, పర్ణశాల చూసి, తోవలో కిన్నెరసాని దగ్గర ఆగే కుటుంబానికి ఈ వాగు గుణం తెలియదు. పిల్లలు కాళ్లు తడుపుకునే నీళ్లలో మొసళ్లు ఉంటాయనీ తెలియదు. అదే భద్రాచలంలో ఎవరినైనా అడిగి చూడండి. గోదావరి 43 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని తడుముకోకుండా చెబుతారు. 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చిన సంగతి కూడా చెబుతారు. ఆ అంకెలు అధికారుల ఫైళ్లలో ఉండిపోలేదు. జనం నోట్లో ఉన్నాయి, కాబట్టే మూట సర్దుకోవలసిన వేళ వాళ్లకు తెలుసు. కిన్నెరసానికి 407 అనే అంకె ఉంది. అది ఎంత దగ్గరపడితే ఏం చేయాలో చెప్పే మాట దాని వెనుక చేరి, సందర్శకుడి దాకా రావాలి.

ఇలా భయపెడితే జనం రారని, బోట్ల మీద, దుకాణాల మీద, దారిపక్క తేనె, వెదురు బుట్టల అమ్మకం మీద బతికే గిరిజన కుటుంబాలు నష్టపోతాయని మరో అభ్యంతరం. ఆ ఆందోళన నిజమైనదే. అయితే జీవనోపాధిని పోగొట్టేది హెచ్చరిక కాదు, ప్రమాదం. 2019 సెప్టెంబరు 15న, గోదావరి వరదలో ఉన్న రోజున, పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర 70 మందికి పైగా ఎక్కిన బోటు మునిగింది. 26 మందే బతికి బయటపడ్డారు. ఆ తరువాత నెలల తరబడి పాపికొండల షికారు ఆగిపోయింది, ఆ నది మీద బతికే సరంగులు, వంటవాళ్లు పని లేకుండా మిగిలారు. ఆ ఒక్క రోజు బోటు ఆపి ఉంటే పోయేది ఒక్క రోజు కూలి.

చట్టం ఉంది కదా, సెన్సర్లు వస్తున్నాయి కదా అనేది చివరి మాట. 2021 నాటి డ్యామ్ భద్రతా చట్టం మంచి చట్టం. వానలకు ముందూ తరువాతా తనిఖీ చేయాలంటుంది. కట్టి ఉన్న ఆనకట్టలకు అయిదేళ్లలో, అంటే 2026 డిసెంబరులోగా, అత్యవసర కార్యాచరణ ప్రణాళిక సిద్ధం కావాలంటుంది. కానీ ఆ చట్టం 15 మీటర్లు దాటిన ఆనకట్టలకూ, 10 నుంచి 15 మీటర్ల మధ్య కొన్ని షరతులకు లోబడినవాటికీ వర్తిస్తుంది. అంతకు తక్కువ ఎత్తున్న కట్టలు, చెరువులు దాని కిందికి రావు. పైగా సెన్సర్ నీటిమట్టం చెబుతుంది, తుప్పు పట్టిన గొలుసును మార్చదు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు, పారే నీటిలో గేటు స్థానంలో స్టాప్‌లాగ్ పలకలు దించే పనికి నడుం కట్టింది పదవీ విరమణ చేసి ఏళ్లు గడిచిన గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు. ఆయన పట్ల మనకు కృతజ్ఞత ఉండాలి. ఆ విద్య ఆయన తరంతో ఆగిపోకూడదన్న భయమూ ఉండాలి. ఒకప్పుడు ప్రతి చెరువుకూ నీరటికాడు ఉండేవాడు. కట్ట మీద చెమ్మ చూసి, అలుగు మీద నీటి చప్పుడు విని ఊరిని లేపేవాడు. తరువాత నీటిపారుదల శాఖ లష్కర్లు వచ్చారు. వాళ్లు రిటైరైతే ఆ ఖాళీలు ఏళ్ల తరబడి ఖాళీలుగానే ఉంటున్నాయి. తూమును, గేటును రోజూ చూసే కళ్లు లేనిచోట ఏ చట్టమైనా ప్రమాదం జరిగాక విచారణకే పనికొస్తుంది.

కావలసినవి పెద్ద ఖర్చులు కావు. టికెట్టు రూపాయిలో ముందు వాటా గేట్ల నిర్వహణకు వెళ్లాలి, తరువాతే పర్యాటకుల కోసం కట్టే కాటేజీలకూ అద్దాల మేడకూ. భద్రాచలం పద్ధతిలో మూడు హెచ్చరికల మట్టాలు కట్ట మీద, బోటు రేవులో, దిగువ దారుల దగ్గర పెద్ద అక్షరాలతో తెలుగులో ఉండాలి. ఏటా జూన్‌లో ఒక ఆదివారం, సందర్శకులు ఉన్నప్పుడే, సైరన్ మోగించి చూపాలి. మూడు శాఖల తరఫున మాట చెప్పగల ఒక్క అధికారి అక్కడ ఉండాలి. చదివేవారికి నా మనవి ఒకటే. ఈ కార్తీకంలో వనభోజనాలకు కిన్నెరసాని వెళితే, విస్తరి వేసుకునే ముందు ఈ రోజు నీటిమట్టం ఎంత, సైరన్ మోగితే ఏ వైపు నడవాలి అని అక్కడి సిబ్బందిని అడగండి. జవాబు రాకపోతే పిల్లల్ని నీళ్ల దగ్గరకు పంపకండి.